బాబాసాహెబ్ బొమ్మ అందరికీ కావాలి, గీసే చెయ్యి ఎవరికి కావాలి?

2025 ఏప్రిల్ చివర్లో లక్నోలో ఒక హోర్డింగ్ వెలిసింది. దాని మీద ఉన్నది ఒకే ముఖం. అందులో సగం బాబాసాహెబ్ అంబేద్కర్‌ది, సగం అఖిలేశ్ యాదవ్‌ది. సమాజ్‌వాదీ పార్టీ అనుబంధ సంఘం పెట్టిన ఆ హోర్డింగ్ మీద బీజేపీ వీధికెక్కింది, మాయావతి మండిపడ్డారు. అంతకు నాలుగు నెలల ముందు, 2024 డిసెంబరులో, రాజ్యసభలో అమిత్ షా అంబేద్కర్ పేరు తలవడాన్ని "ఫ్యాషన్" అన్న మరుసటి రోజుల్లో ఆమ్ ఆద్మీ పార్టీ ఒక ఏఐ వీడియో వదిలింది. అందులో బాబాసాహెబ్ కేజ్రీవాల్‌ను ఆశీర్వదిస్తాడు. అదే వారం, పార్లమెంటు ఆవరణలో ప్రతిపక్ష ఎంపీలు పట్టుకున్న అంబేద్కర్ ఫొటోల స్థానంలో జార్జ్ సోరోస్ ఫొటో అతికించి బీజేపీ తన సోషల్ మీడియా ఖాతాలో పెట్టింది.

మూడు పార్టీలు, మూడు బొమ్మలు. ఒకరు ముఖం చీల్చారు, ఒకరు చెయ్యి ఆడించారు, ఒకరు ముఖమే తీసేశారు. ముగ్గురికీ కావలసింది ఆ బొమ్మే. అయితే ఈ గొడవలన్నిటిలో "అవమానం జరిగిందా లేదా" అన్న ఒక్క ప్రశ్నే చర్చకు వచ్చింది. మన బొమ్మను గీసే అధికారం ఎవరి చేతిలో ఉంది, మన వాళ్ళు గీస్తున్న బొమ్మలు ఎక్కడున్నాయి అన్న ప్రశ్న రాలేదు. ఈ వ్యాసం ఆ రెండో ప్రశ్న గురించి.

నత్త మీద కూర్చోబెట్టిన చేతులు

ఈ చర్చకు పాత మూలం ఒకటి ఉంది. 1949లో శంకర్ గీసిన కార్టూన్‌లో రాజ్యాంగం ఒక నత్త. దాని మీద అంబేద్కర్ కొరడా పట్టుకుని కూర్చున్నాడు. వెనక నెహ్రూ కొరడా ఎత్తి ఉన్నాడు. చుట్టూ జనం చూస్తున్నారు. రాజ్యాంగ రచన ఆలస్యమవుతోందన్నది అందులోని వెటకారం. 2006 నుంచి ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి రాజనీతి శాస్త్రం పుస్తకంలో ఆ కార్టూన్ ఉంది. 2012 మేలో పార్లమెంటులో దుమారం రేగింది. అప్పటి మంత్రి కపిల్ సిబల్ దాన్ని తీసేస్తామని ప్రకటించారు. పుస్తక ముఖ్య సలహాదారులు యోగేంద్ర యాదవ్, సుహాస్ పల్షీకర్ రాజీనామా చేశారు. పుణె విశ్వవిద్యాలయంలో పల్షీకర్ కార్యాలయం మీద దాడి జరిగింది. తర్వాత సుఖదేవ్ థొరాట్ అధ్యక్షతన కమిటీ వేశారు. పుస్తకాల్లోని మరెన్నో కార్టూన్లు కూడా తీసేయాలని ఆ కమిటీ చెప్పింది. అందులో సభ్యుడైన ఎం.ఎస్.ఎస్. పాండియన్ మాత్రం ఒప్పుకోకుండా భిన్నాభిప్రాయం రాశారు.

అప్పుడు రెండు శిబిరాలు ఏర్పడ్డాయి. ఒకరు "భావ ప్రకటనా స్వేచ్ఛ" అన్నారు, ఇంకొకరు "తీసేయండి" అన్నారు. మొదటి శిబిరంలో చాలామంది ఒక మాట తేలిగ్గా అనేశారు: దళితులకు హాస్యం అర్థం కాదట. కార్టూన్ అంటేనే అతిశయోక్తి అట, నెహ్రూ కూడా శంకర్ కార్టూన్లు చూసి నవ్వుకునేవాడట.

ఇక్కడ ఆగి, కార్టూన్ చెప్పిన విషయం నిజమా అని అడగాలి. రాజ్యాంగ సభ పని పూర్తి చేయడానికి పట్టిన కాలం 2 సంవత్సరాల 11 నెలల 18 రోజులు. ముసాయిదా కమిటీలో సభ్యులు ఏడుగురు. వారిలో ఒకరు రాజీనామా చేశారు, ఒకరు చనిపోయారు, ఒకరు అమెరికాలో ఉన్నారు, ఒకరు సంస్థానాల వ్యవహారాల్లో మునిగి ఉన్నారు, మరొకరిద్దరు ఆరోగ్యం బాగాలేక ఢిల్లీకి దూరంగా ఉన్నారు. చివరికి భారమంతా అంబేద్కర్ మీద పడిందని 1948 నవంబరు 5న సభలోనే చెప్పింది టి.టి. కృష్ణమాచారి. ఆయన అంబేద్కర్ అనుచరుడేమీ కాదు, కమిటీ పనితీరు మీద అసంతృప్తితోనే ఆ మాట చెప్పాడు. అంటే ఒంటరిగా బండి లాగుతున్న మనిషినే నత్త మీద కూర్చోబెట్టి "ఎందుకింత ఆలస్యం" అని నవ్వారన్నమాట. కార్టూన్ అచ్చయ్యే నాటికి ఈ సంగతి సభా రికార్డుల్లో ఉంది. గీసిన చేతికి అది పట్టలేదు.

నెహ్రూ నవ్వుకోవడానికి, మనం నవ్వుకోలేకపోవడానికి తేడా ఇక్కడే ఉంది. నెహ్రూను గీసినవాడు, అచ్చేసినవాడు, చదివి నవ్వినవాడు దాదాపు ఒకే లోకానికి చెందినవాళ్ళు. అంబేద్కర్‌ను ఆ లోకం బయటి నుంచి చూసింది. ఆయన 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' మొదలుపెట్టాడు. తర్వాత 'బహిష్కృత భారత్', 'జనతా', 'ప్రబుద్ధ భారత్' నడిపాడు. అవన్నీ చేతిలో డబ్బు లేకుండా నడిచిన పత్రికలు. పెద్ద పత్రికల్లోని బొమ్మకు బొమ్మతోనే జవాబు చెప్పే స్తోమత వాటికి లేదు.

విజయవాడ నుంచి వచ్చిన జవాబు

ఆ జవాబు చెప్పే పని ఒక తెలుగువాడు చేశాడు. విజయవాడలో కార్టూన్లు చూస్తూ పెరిగిన ఉన్నమాటి శ్యామసుందర్ స్వయంగా కార్టూనిస్టు. 'చందమామ' బొమ్మల మీద జేఎన్‌యూలో పరిశోధన చేశాడు. 2012 గొడవ తర్వాత ఆయన "ఒక్క కార్టూన్ గురించి ఎందుకు, అన్నీ చూద్దాం" అనుకున్నట్టు పాత ఇంగ్లీషు పత్రికల దొంతరలు తిరగేశాడు. 1932 నుంచి అంబేద్కర్ మీద వచ్చిన కార్టూన్లు వందకు పైగా పోగుచేశాడు. ప్రతి కార్టూన్ పక్కన ఆ రోజుల్లో బాబాసాహెబ్ నిజంగా ఏం చేస్తున్నాడో రాశాడు. 2019లో నవయాన ప్రచురణగా వచ్చిన 'నో లాఫింగ్ మ్యాటర్' ఆ పుస్తకమే. దానికి సూరజ్ ఏంగ్డే ముందుమాట రాశాడు.

ఆ పుస్తకం పేజీలు తిప్పితే నత్త కార్టూన్ ఒంటరిది కాదని తెలుస్తుంది. శంకర్, ఆర్.కె. లక్ష్మణ్, ఎన్వర్ అహ్మద్ వంటి పేరున్న వాళ్ళ బొమ్మలే అవి. కొన్నిటిలో అంబేద్కర్ చిన్న పిల్లవాడు, కొన్నిటిలో ఆడవేషంలో ఉంటాడు. పక్కన గాంధీ, నెహ్రూ నిలువెత్తున ఉంటే ఆయన పొట్టిగా కనిపిస్తాడు. ఒక కార్టూన్‌ను చూసి "ఇది హాస్యం" అని దులిపేసుకోవచ్చు. వంద కార్టూన్లు ఒకే వరసలో కనిపిస్తే అలా దులిపేసుకోవడం కుదరదు, అది ఒక చూపు అని ఒప్పుకోవాలి.

శ్యామసుందర్ తీసేయమనలేదు, చించేయలేదు. అన్నిటినీ వెలుగులో పరిచి పక్కన చరిత్ర పెట్టాడు. నిషేధం అడిగితే ఆ అధికారం ప్రభుత్వం చేతికి పోతుంది. రేపు అదే అధికారం మన పోస్టర్ల మీదికి, మన కార్టూనిస్టుల మీదికి వస్తుంది. 2012లో ఒక కార్టూన్ పేరు చెప్పి మొదలైనది చివరికి పాలకులను ఎగతాళి చేసే మరెన్నో కార్టూన్ల దాకా పోయింది. పాండియన్ భిన్నాభిప్రాయానికి ఉన్న విలువ అదే. దాడి కంటే దస్తావేజు బలమైన జవాబని ఈ పుస్తకం చూపించింది.

పటం మీద మన చరిత్ర

బొమ్మ మనకు కొత్తగా వచ్చిన విద్య కాదు. తెలంగాణలో నకాషీ కళాకారులు గీసే చేర్యాల పటాలు ఇవాళ కీచైన్లుగా, మాస్కులుగా, గోడకు తగిలించే అలంకారంగా అమ్ముడవుతున్నాయి. చేర్యాల పేరుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అసలు ఆ పటాలు అలంకారానికి పుట్టలేదు. ఒక్కో కులానికి దాని కులపురాణం చెప్పే ఆశ్రిత కులం ఒకటి ఉండేది. వాళ్ళు నకాషీల చేత పటం గీయించుకుని, చుట్టచుట్టి భుజాన వేసుకుని ఊరూరా తిరిగేవారు. మాదిగలకు జాంబ పురాణం చెప్పేది డక్కలివారు. భూమి పుట్టక ముందే జాంబవుడు పుట్టాడని, ఈ లోకంలో మొదటి మనిషి మావాడేనని ఆ కథ చెబుతుంది. మనువు రాసిన వరసను తలకిందులు చేసే కథ అది. గుడ్డ మీద సుద్ద, గంజి, చింతగింజల అంబలి పూసి, ఎర్ర నేపథ్యంలో వరసలు వరసలుగా బొమ్మలు వేసి, ఒక్కో వరస విప్పుతూ చెప్పే ఆ పటం ఒక రకంగా కామిక్ పుస్తకమే.

కథ చెప్పించుకునే కులాల బతుకు మారింది, చెప్పేవాళ్ళకు ఇచ్చే తిండిగింజలు ఆగాయి. పటం బతికింది గానీ అందులోంచి జాంబ పురాణం జారిపోతోంది. 2022లో డక్కలి కులానికి చెందిన కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్యకు పద్మశ్రీ వచ్చింది. సంతోషమే. కానీ పురస్కారం ఒక్కరికి దక్కినంత మాత్రాన ఆ కులం మోసుకొచ్చిన బొమ్మల పరంపర నిలవదు. ఎన్ని జాంబ పురాణ పటాలు మిగిలి ఉన్నాయి, ఎవరి ఇళ్ళలో, ఏ మ్యూజియంల గిడ్డంగుల్లో ఉన్నాయి అని లెక్కతీసే పని మన పరిశోధక విద్యార్థుల కోసం ఎదురుచూస్తోంది.

అదే 2022లో పద్మశ్రీ అందుకున్న మరో చిత్రకారిణి దుర్గాబాయి వ్యామ్. మధ్యప్రదేశ్‌కు చెందిన పర్ధాన్ గోండు. పర్ధాన్లు కూడా గోండులకు వాళ్ళ కథలు పాడి వినిపించేవాళ్ళే. కంచ ఐలయ్య పిల్లల కోసం శ్రమ గౌరవం గురించి రాసిన 'టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద ల్యాండ్' పుస్తకానికి 2007లో బొమ్మలు వేసింది ఆమే. తర్వాత భర్త సుభాష్ వ్యామ్‌తో కలిసి 2011లో 'భీమాయన' గీసింది. మాటలు శ్రీవిద్య నటరాజన్, ఎస్. ఆనంద్ రాశారు. సాతారా బడిలో మంచినీళ్ళు, బరోడాలో అద్దె ఇల్లు, దౌలతాబాద్ కోటకు ప్రయాణం: బాబాసాహెబ్ జీవితంలోని ఈ అనుభవాలే ఆ కథ.

'భీమాయన' చదవని విద్యార్థులు ఒక్కసారి చూడాలి. మామూలు కామిక్స్‌లో ఉండే చతురస్రపు గడులు ఇందులో లేవు. మనుషులను పెట్టెల్లో బిగించి గీయడం వ్యామ్ దంపతులకు నచ్చలేదు. గడుల బదులు పేజీ మీద గోండుల డిగ్నా ముగ్గు మెలికలు తిరుగుతుంది. రైలు పాములా సాగుతుంది. నీళ్ళ పంపు ఏనుగు తొండమవుతుంది. మంచి మాటలు పిట్ట ఆకారంలో ఉంటాయి, కులం విషం కక్కే మాటలకు తేలు కొండి ఉంటుంది. మనసులో అనుకునే మాటకు ఒక కన్ను ఉంటుంది. అంటరానితనం ఎలా కుడుతుందో చెప్పడానికి ఆ తేలు కొండి ఒక్కటి చాలు. ముంబైలో, ఢిల్లీలో నేర్పే చిత్రకళ నుంచి ఈ ఊహ రాలేదు.

కాగితం అందరికీ ఒకేలా అందలేదు

కాగితం కూడా కులాన్ని దాటుకుని రాదు. మధుబని చిత్రకళ సంగతి చూడండి. 1960ల నడుమ బిహార్‌లో కరువు వచ్చినప్పుడు, గోడల మీద బొమ్మలు వేసే మిథిల స్త్రీలకు కాగితం ఇచ్చి, గీయించి, అమ్మిపెట్టే ప్రయత్నం అఖిల భారత హస్తకళల బోర్డు చేసింది. మొదట పేరు వచ్చింది బ్రాహ్మణ, కాయస్థ స్త్రీలకు. రాముడు, సీత, కృష్ణుడు వాళ్ళ బొమ్మలు. జిత్వార్‌పూర్ దుసాధ్ స్త్రీలు ఆ దేవుళ్ళను పక్కనపెట్టి తమ ఒంటి మీది పచ్చబొట్లను కాగితం మీదికి తెచ్చారు. తమ వీరుడు రాజా సల్హేశ్ కథ గీశారు. గోద్నా శైలి అలా పుట్టింది. చానో దేవి అందులో ముందు నడిచిన పేరు. పచ్చబొట్టు ఒకప్పుడు కులాన్ని గుర్తుపట్టే ముద్ర. దాన్నే వాళ్ళు తమ సంతకంగా మార్చుకున్నారు.

ఆ దారిలో ఇవాళ మాల్విక రాజ్ ఉంది. ఆమె మధుబని గీతతో బుద్ధుడి జీవితం, బాబాసాహెబ్ జీవితం గీస్తుంది. ఎవరి కథలకు ఆ గీత తగదని అన్నారో ఆ కథలకే దాన్ని వాడింది. మల్లా కులానికి చెందిన దులారీ దేవి ఒకప్పుడు ఒక పేరున్న చిత్రకారిణి ఇంట్లో పనిచేస్తూ బొమ్మలు నేర్చుకుంది. 2021లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. 2025 ఫిబ్రవరి 1న బడ్జెట్ ప్రవేశపెడుతూ నిర్మలా సీతారామన్ కట్టుకున్న చీర మీది బొమ్మలు దులారీ దేవివి. ఆ రోజు టీవీలు చీర గురించి మాట్లాడాయి. అంట్లు తోమిన చేతులకు కుంచె అందడానికి ఎన్నేళ్ళు పట్టిందో అంతగా మాట్లాడలేదు.

నాగపూర్‌లో పుట్టిన సవీ సావర్కర్ మెడలో ముంత, వెనక చీపురు కట్టిన మనిషిని ఎచింగుల్లో, పెయింటింగుల్లో మళ్ళీ మళ్ళీ గీశాడు. పీష్వాల పాలన మన మనుషుల మీద వేసిన శిక్ష అది. పుణెకు చెందిన రాజ్యశ్రీ గూడీ దళిత ఆత్మకథల్లో తిండి ప్రస్తావన ఉన్న చోట్లను వెతికి, వాటిని వంట పద్ధతులుగా తిరగరాసి చిన్న చిన్న పుస్తకాలుగా కుట్టింది. మామూలు వంట పుస్తకంలో "కావలసినవి" అని జాబితా ఉంటుంది, ఆమె పుస్తకాల్లో ఉండదు. ఇంట్లో ఏదీ లేనివాడికి జాబితా ఎందుకు?

ఫోన్ తెర మీద నీలం

ఇప్పటి తరానికి గ్యాలరీ తలుపు తెరుచుకునేదాకా ఆగే ఓపిక లేదు. ఒడిశాకు చెందిన రాహీ పుణ్యశ్లోక 'ఆర్టెడ్కర్' పేరుతో నీలం రంగు ప్రధానంగా, చాలా తక్కువ గీతలతో బొమ్మలు వేస్తాడు. ఢిల్లీలో సిద్ధేశ్ గౌతమ్ 'బేకరీ ప్రసాద్' పేరుతో కులవ్యతిరేక పోరాటాల మనుషులను, తేదీలను బొమ్మ కడుతున్నాడు. ముంబై చిత్రకారిణి సృజన నిరంజని శ్రీధర్ తన బొమ్మలతో పాటు, 1972లో పుట్టిన దళిత్ పాంథర్స్ పత్రికలు, కరపత్రాలు భద్రపరిచే ఆర్కైవ్‌ను మరికొందరితో కలిసి నిలబెట్టింది. 2015 నుంచి దళిత స్త్రీలు మొదలుపెట్టిన దళిత్ హిస్టరీ మంత్ వల్ల ప్రతి ఏప్రిల్‌లోనూ కొత్త పోస్టర్లు వస్తున్నాయి.

మన దగ్గర 2016 జనవరి దీనికి మలుపు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం హాస్టల్ నుంచి వెలేసిన ఐదుగురు విద్యార్థులు చాపలతో పాటు బాబాసాహెబ్ పటం మోసుకుని బయటికి నడిచిన ఫొటో మనందరికీ గుర్తుంది. వాళ్ళు కట్టుకున్న వెలివాడకు గోడలు మహనీయుల బొమ్మలున్న ఫ్లెక్సీలే. జనవరి 17 తర్వాత రోహిత్ వేముల ముఖం దేశమంతా స్టెన్సిల్‌గా, పోస్టర్‌గా, ప్లకార్డుగా నడిచింది. ఆ బొమ్మల్లో చాలావాటిని గీసింది విద్యార్థులే. వాటిలో ఎన్నిటి మీద గీసినవారి పేరు ఉంది?

ఇది చిన్న ప్రశ్న కాదు. నా పరిశోధన కోసం జయంతి సభల కరపత్రాలు, సంఘాల వాల్‌పోస్టర్లు చూస్తుంటాను. దాదాపు అన్నిటి అడుగునా ప్రింటింగ్ ప్రెస్ పేరు, ఊరి పేరు ఉంటాయి. 1867లో బ్రిటిష్‌వాళ్ళు చేసిన చట్టం ముద్రాపకుడి పేరు వేసి తీరాలంది, ఎవరిని పట్టుకోవాలో సర్కారుకు తెలియాలి కాబట్టి. బొమ్మ గీసినవారి పేరు వేయమని ఏ చట్టమూ అడగలేదు. మనమూ అడగలేదు. ఫలితంగా ఊరిలో గోడ మీద బాబాసాహెబ్‌ను నిలువెత్తున గీసిన పెయింటరన్న, సభకు రాత్రికి రాత్రి బ్యానర్ రాసిన తమ్ముడు, డీటీపీ షాపులో డిజైన్ చేసిన చెల్లె మన చరిత్రలోనే పేరు లేనివాళ్ళుగా మిగిలారు.

ఇంతకీ చెయ్యాల్సిందేమిటి

పెద్ద పత్రికల తలుపులు ఇంకా తెరుచుకోలేదు. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి చేసిన అధ్యయనంలో న్యూస్‌రూముల 121 నాయకత్వ పదవుల్లో 106 అగ్రకులాల వారివని తేలింది. ఎస్సీ, ఎస్టీలకు ఒక్కటీ లేదు. రేపటి కార్టూన్ ఏదో తేల్చేది ఆ గదులే. నత్త కార్టూన్ నాటి గదికీ ఈ గదికీ ఎంత దూరం?

దీనికి తోడు ఏఐ వచ్చింది. జయంతికి పోస్టర్ కావాలంటే ఇప్పుడు చిత్రకారుణ్ణి పిలవక్కర్లేదు, నాలుగు మాటలు టైపు చేస్తే చాలు. నున్నటి చెంపలు, సినిమా హీరో ఛాతీ, వెనక బంగారు కాంతి ఉన్న అంబేద్కర్ వాట్సాప్ నిండా తిరుగుతున్నాడు. ఆ బొమ్మకు నొప్పి తెలియదు, తేలు కొండి తెలియదు. ఎవరినైనా ఆశీర్వదిస్తుంది, ఎవరి ముఖంతోనైనా అతుక్కుంటుంది. లక్నో హోర్డింగ్, ఢిల్లీ వీడియో మనకు చూపించింది ఆ ప్రమాదాన్నే. మన బొమ్మలను మన చేతులు గీయకపోతే ఖాళీగా ఉన్న ఆ ముఖాన్ని ఎవరైనా అద్దెకు తీసుకుంటారు.

అందుకే సంఘాలకు, విద్యార్థి మిత్రులకు కొన్ని మాటలు. వచ్చే ఏప్రిల్ 14 పోస్టర్ ఒక మనిషి చేత గీయించండి, అడుగున ప్రెస్ పేరు పక్కన ఆ మనిషి పేరు వేయండి. సౌండ్ సిస్టమ్‌కు, టెంట్‌హౌస్‌కు డబ్బు ఇస్తాం కదా, బొమ్మకూ ఇవ్వాలి. "ఉద్యమం కోసం ఉచితంగా" అన్నది మన పిల్లల దగ్గర వాడకూడని మాట. ఇన్‌స్టాగ్రామ్‌లో నచ్చిన బొమ్మ కనిపిస్తే సంతకం కత్తిరించి స్టేటస్ పెట్టుకోవద్దు. పాత పోస్టర్లు, కరపత్రాలు, సంఘం పత్రికల అట్టలు పారేయకుండా స్కాన్ చేసి, ఏ ఊరు, ఏ సంవత్సరం, ఎవరు గీశారు అని రాసిపెట్టండి. శ్యామసుందర్‌కు పత్రికల దొంతరలు దొరికాయి కాబట్టే ఆ పుస్తకం సాధ్యమైంది. మన గోడల మీది బొమ్మలకు అలాంటి దొంతర ఇంకా లేదు. దాన్ని కట్టాల్సింది మనమే.

కార్టూన్ నేర్చుకునే పిల్లలకు మరో మాట. అందరూ బాబాసాహెబ్ ముఖమే గీయనక్కర్లేదు. హాస్టల్ మెస్, స్కాలర్‌షిప్ కౌంటర్ ముందు క్యూ, ఇంటి ఓనరు అడిగే "మీరేవిట్లు?" అన్న ప్రశ్న, ఇవన్నీ బొమ్మలకు ఎదురుచూస్తున్న సంగతులే. ఒకప్పుడు మనల్ని చూసి నవ్వడానికి గీశారు. నవ్వు మన చేతికి వస్తే ఎవరు నత్త మీద కూర్చోవాలో మనం నిర్ణయిస్తాం.